రక్తాన్ని రెండుసార్లు అడగాలి

(ఛత్తీస్‌గఢ్‌లోని భోపాల్‌పట్నంలో ఒక బడి మాస్టారి జ్ఞాపకార్థం చేసిన ఉపన్యాసం పూర్తి పాఠం. కుటుంబ సభ్యుల కోరిక మేరకు మాస్టారి పేరు అచ్చులో ఇవ్వడం లేదు.)



నన్ను పిలిచినప్పుడు మాస్టారి పెద్దబ్బాయి ఒక మాట అన్నాడు: "సార్, గుండె గురించి చెప్పండి గాని జనాన్ని భయపెట్టకండి." భయపెట్టను. అయితే మన దగ్గర ఒక రకం ధైర్యం ఉంది. ఛాతీలో బరువుగా ఉంది, చెమటలు పోస్తున్నాయి అంటే "గ్యాసే లే, పొద్దున్నకి తగ్గిపోతుంది" అనే ధైర్యం. దాన్ని కాస్త తగ్గించి వెళ్దామనే వచ్చాను.

ముందుగా ఒక అపోహ. గుండెపోటు పట్నాల జబ్బనీ, కూర్చుని తినేవాళ్ళ జబ్బనీ ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. మన పక్కన పారే గోదావరి కింది దిక్కున, తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళలో 2003, 2004 మధ్య ఒక ఏడాదిపాటు జరిగిన ప్రతి మరణానికీ కారణం వెతికారు. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనీషియేటివ్ అని ఆ పనికి పేరు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి, పోయినవాళ్ళ చివరి రోజులు ఎలా గడిచాయో ఇంట్లోవాళ్ళని అడిగి రాసుకున్నారు. 1,354 మరణాలు. అందులో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. అంటువ్యాధులు చాలా వెనక ఉన్నాయి. అవి వరిచేల ఊళ్ళు, ఒళ్ళొంచి పనిచేసేవాళ్ళ ఊళ్ళు. బస్తర్‌లో అచ్చం అదే లెక్క ఉంటుందని నేననను, ఇక్కడ మలేరియా ఇంకా ఉంది. కానీ చుట్ట, పొగాకు గుడాఖు, బీపీ, షుగరు ఇంద్రావతి దాటి ఈ ఒడ్డుకు వచ్చి చాలా కాలమైంది.

మాస్టారి సంగతి చెప్పడానికి కుటుంబం అనుమతి ఇచ్చింది. లెక్కలు చెప్పేవారు. ఇంట్లో తెలుగు, బళ్ళో హిందీ మాట్లాడే పిల్లలకు రెండు భాషల్లోనూ ఎక్కాలు అప్పజెప్పించిన మనిషి. మిరపకాయ కోతల రోజుల్లో ఒక రాత్రి భోజనం చేశాక ఛాతీ బిగబట్టింది, ఎడమ చెయ్యి లాగింది. గంటన్నరలోపే ఒకచోట చూపించారు. ఈసీజీ తీశారు, పెద్దగా తేడా లేదన్నారు. వేలు గుచ్చి కార్డు మీద రక్తం వేసి చూశారు, నెగెటివ్ అన్నారు. గ్యాసుకు ఇంజెక్షన్ ఇచ్చి ఇంటికి పంపారు. మర్నాడు మధ్యాహ్నానికి మాస్టారు లేరు.

ఆ చోటు పేరు చెప్పను, ఎందుకంటే ఏ చోటైనా కావచ్చు. ఈసీజీ తీశారు, రక్తం చూశారు, పద్ధతిగానే చేశారు. ఆ కార్డు అబద్ధం చెప్పలేదు. అడగాల్సిన వేళ రాకముందే అడిగితే అది ఏం చెప్పగలదో అదే చెప్పింది. ఈ ఉపన్యాసమంతా ఆ గంటన్నర గురించే అనుకోండి.

గుండె కండరానికి రక్తం తెచ్చే నాళంలో గడ్డ అడ్డం పడుతుంది. ఆ నాళం మీద ఆధారపడ్డ కండరం ఆక్సిజన్ అందక గంటల్లో చచ్చిపోతుంది. చచ్చిన కణాల పొర చిరుగుతుంది, లోపలి ప్రోటీన్లు కారి రక్తంలో కలుస్తాయి. చేతి నరం నుంచి తీసిన రక్తంలో వాటిని పట్టుకుంటే గుండెలో ఏం జరిగిందో తెలుస్తుంది. వానాకాలంలో తార్లగూడ దగ్గర ఏట్లో దుంగ కొట్టుకొచ్చిందంటే ఎగువన ఎక్కడో చెట్టు కూలిందని తెలుస్తుంది కదా, అలా. కాకపోతే చెట్టు కూలిన క్షణంలోనే దుంగ మన రేవుకు రాదు.

ఈ ఆలోచన మొదట పండింది, విచిత్రంగా, న్యూయార్క్‌లో ఒక కాన్సర్ సంస్థలో. 1954లో లడ్యూ, రోబ్లెవ్‌స్కీ, కార్మెన్ అనే ముగ్గురు, గుండెపోటు వచ్చినవాళ్ళ రక్తంలో ఎస్‌జీఓటీ అనే ఎంజైము పెరుగుతుందని చూపించారు. అంతవరకూ గుండెపోటును పట్టడానికి ఉన్నవి రోగి మాట, ఈసీజీ. రక్తం కూడా సాక్ష్యం చెబుతుందని అప్పుడే తెలిసింది. మీరు ఇప్పుడు ఎస్‌జీఓటీ అనే మాట వినేది కామెర్ల పరీక్షలో. చిక్కంతా అక్కడే. ఆ ఎంజైము కాలేయంలోనూ బోలెడంత ఉంది. ఇప్పసారా ఎక్కువ పట్టించినవాడికీ, కామెర్లవాడికీ, గుండెపోటువాడికీ అదే పెరుగుతుంది.

తర్వాత ఎల్‌డీహెచ్ వచ్చింది. అది ఎర్ర రక్తకణాల్లో దండిగా ఉంటుంది. మలేరియాలో ఎర్ర కణాలు పగులుతాయి, సికిల్ సెల్ ఉన్నవాళ్ళలో ఏ జబ్బూ లేని రోజు కూడా పగులుతుంటాయి. బస్తర్‌లో ఈ రెండూ ఎంత ఉన్నాయో మీకు నేను చెప్పాలా? ఎల్‌డీహెచ్ పెరిగిందని ఇక్కడ గుండెపోటు అనడం మొదలుపెడితే సగం ఊరిని మంచమెక్కించాలి.

ఆ తర్వాతిది క్రియాటిన్ కైనేజ్, సీకే. దీని దగ్గర కాస్త ఆగుతాను, ఇందులో మన గోదావరి మనిషి ఒకాయన ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, 1922లో అమెరికా వెళ్ళి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర పనిచేశాడు. రక్తంలో, కండరంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని వాళ్ళిద్దరూ 1925లో ప్రకటించారు. ఆ పద్ధతితో కండరాన్ని పరీక్షిస్తుంటే లెక్క తేడా వచ్చింది. ఆ తేడాను వదలకుండా తవ్వితే 1927లో బయటపడింది ఫాస్ఫోక్రియాటిన్. కండరం ఉన్నట్టుండి శ్రమ చేయాల్సి వచ్చినప్పుడు వాడుకునే శక్తి నిల్వ అది. రెండేళ్ళకు ఏటీపీని కూడా ఫిస్క్, సుబ్బారావు వేరు చేశారు, అదే కాలంలో జర్మనీలో లోమాన్ కూడా. ఫాస్ఫోక్రియాటిన్‌లోని భాస్వరాన్ని ఏటీపీకి అందించే ఎంజైమే ఈ క్రియాటిన్ కైనేజ్. సుబ్బారావు గుండెపోటు పరీక్షను కనిపెట్టాడని ఎవరైనా అంటే నమ్మకండి, 1948లో ఆయన పోయేనాటికి అలాంటి పరీక్షే లేదు. కానీ ఆ పరీక్ష నిలబడ్డ రసాయనం ఆయన చేతి మీదుగా వచ్చింది. తెలుగువాళ్ళం ఆయన పేరు చెప్పగానే యాంటీబయాటిక్ దగ్గరికి పోతాం, కండరం సంగతి మరిచిపోతాం. నాకు మాత్రం ఆయన చేసినవాటిలో అన్నిటికన్నా అందమైన పని ఇదే.

సీకే ప్రతి కండరంలోనూ ఉంది. అందులో ఎంబీ అనే రకం గుండెలో ఎక్కువ. అందుకే 1970ల నుంచి చాలా ఏళ్ళు సీకే-ఎంబీయే గుండెపోటుకు ప్రమాణం. కానీ పొద్దుటి నుంచి తునికాకు మోపులు మోసినవాడికి, కట్టెలు కొట్టినవాడికి సీకే పెరుగుతుంది. ఇంకొక తమాషా వినండి. పిరుదు మీద సూది వేస్తే ఆ కండరం గాయపడి కూడా సీకే పెరుగుతుంది. నొప్పి అనగానే ముందు ఒక సూది వేసి, తర్వాత రక్తం తీసే అలవాటు ఉన్నచోట, ఆ సూదే రిపోర్టులో కనబడుతుంది. ఆర్‌ఎంపీ తమ్ముళ్ళు ఎవరైనా సభలో ఉంటే, ఛాతీనొప్పి మనిషికి కండరంలో సూది వేయకండి. గడ్డ కరిగించే మందు తర్వాత ఇవ్వాల్సి వస్తే ఆ సూదిపోటు దగ్గర రక్తం గడ్డకట్టకుండా కారి చేరుతుంది, ఆ కారణం ఇంకా పెద్దది.

ఇక కండరంలోని ట్రోపోనిన్ అనే ప్రోటీన్. టోక్యోలో సెట్సురో ఎబాషి 1960ల మధ్యలో కండరం ముడుచుకోవడానికి కాల్షియం ఎలా సైగ చేస్తుందో వెతుకుతూ దీన్ని కనుక్కొన్నాడు. గుండెపోటు ఆయన ధ్యాసలోనే లేదు. ఇందులో మూడు భాగాలున్నాయి: సి, ఐ, టి. సి భాగం గుండెలోనూ కాళ్ళచేతుల కండరాల్లోనూ ఒకటే, అందుకని పరీక్షకు పనికిరాదు. ఐ, టి మాత్రం గుండె తనకంటూ వేరుగా తయారుచేసుకుంటుంది. ఆ తేడాను పట్టుకునే యాంటీబాడీలు తయారుచేయగలిగాక, 1980ల చివర్లో, ట్రోపోనిన్ ఐ పరీక్ష, జర్మనీలో హ్యూగో కాటుస్ బృందం చేతిలో ట్రోపోనిన్ టి పరీక్ష వచ్చాయి. 2000లో యూరప్, అమెరికా హృద్రోగ సంఘాలు కలిసి గుండెపోటు నిర్వచనాన్నే ట్రోపోనిన్ చుట్టూ తిరగరాశాయి. కాలేయం చెడినా, మోపులు మోసినా, పిరుదు మీద సూది పడినా ఇది పెరగదు. మన బస్తర్ పరీక్షలన్నీ నెగ్గిన మొదటి సాక్షి ఇదే.

ట్రోపోనిన్‌కు రెండు గుణాలున్నాయి, రెండూ తెలియాలి.

మొదటిది, అది ఆలస్యంగా వస్తుంది. మామూలు పరీక్షలకు అందాలంటే నొప్పి మొదలై మూడు నాలుగు గంటలైనా కావాలి, ఒక్కోసారి ఆరు. పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో శిఖరానికి చేరుతుంది. ఆపైన వారం పది రోజులు రక్తంలో ఉంటుంది. నొప్పి వచ్చి నాలుగు రోజులయ్యాక అడవి ఊరి నుంచి దిగివచ్చిన మనిషిలో కూడా ఇది జరిగిందేమిటో చెబుతుంది, అది వరం. గంటన్నరకే వచ్చిన మనిషిలో చెప్పలేదు, అది శాపం. త్వరగా వచ్చినవాడినే ఈ పరీక్ష మోసం చేస్తుంది. మాస్టారు త్వరగా వచ్చారు.

రెండోది, అది గుండె కండరం దెబ్బతిన్నదని చెబుతుంది గాని ఎందుకు దెబ్బతిన్నదో చెప్పదు. కిడ్నీలు పాడైనవాళ్ళలో ఎప్పుడూ కొంత ఎక్కువే ఉంటుంది. తీవ్రమైన మలేరియాలో, ఒళ్ళంతా చీము విషం పాకినప్పుడు, ఊపిరితిత్తుల నాళంలో గడ్డ అడ్డం పడినప్పుడు, గుండె కండరం వాచినప్పుడు పెరుగుతుంది. ఎర్రతేలు కుడితే పెరుగుతుంది. మహారాష్ట్రలో మహాడ్ అనే చిన్న ఊళ్ళో కూర్చుని డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ తేలుకాటు గుండెను ఎలా కుంగదీస్తుందో ప్రపంచానికి చెప్పాడు, ప్రజోసిన్ అనే బీపీ మందుతో ప్రాణాలు కాపాడాడు. పెద్ద ఆసుపత్రి లేకపోయినా కళ్ళు తెరిచి చూసే డాక్టరుంటే ఏం చేయవచ్చో ఆయన చేసి చూపించాడు. భోపాల్‌పట్నానికి కూడా అలాంటి ఒక్కరు దొరకాలని నా ఆశ.

అందుకే డాక్టర్లు ఒక్క అంకె చూసి తీర్పు చెప్పరు. అంకె పెరుగుతోందా, తగ్గుతోందా, ఉన్నచోటే ఉందా అని చూస్తారు. 2018లో వచ్చిన నాలుగో సార్వత్రిక నిర్వచనం కూడా ఇదే అంటుంది: పెరుగుదలో తగ్గుదలో కనబడాలి, దానితోపాటు నొప్పి, ఈసీజీ మార్పు లాంటి ఆధారం ఉండాలి. మొదటి రక్తం, రెండో రక్తం రెండూ ఉంటేనే ఇది తేలుతుంది.

పెద్ద నగరాల్లో ఇప్పుడు హై-సెన్సిటివిటీ ట్రోపోనిన్ యంత్రాలున్నాయి. లీటరు రక్తంలో 14 నానోగ్రాములు దాటితే ట్రోపోనిన్ టి ఎక్కువే అని అవి పట్టుకుంటాయి. ఆరోగ్యవంతుల్లో నూటికి తొంభై తొమ్మిది మంది ఆ గీతకు కిందే ఉంటారు. ఆ యంత్రం ఉంటే మొదటి రక్తం తీసిన గంటకో, రెండు గంటలకో మళ్ళీ తీసి చాలామంది విషయంలో తేల్చేస్తారు. మన దగ్గర దొరికే కార్డు వేరు. వేలి రక్తం వేస్తే పదిహేను నిమిషాల్లో గీత వస్తుంది. చాలా కార్డుల్లో ఆ గీత మిల్లీలీటరుకు 0.5 నానోగ్రాము దగ్గర పడుతుంది, అంటే లీటరుకు 500. పద్నాలుగుకూ అయిదు వందలకూ మధ్య ఉన్న మనిషికి కార్డు నెగెటివే చూపిస్తుంది. అతని గుండె మాత్రం దెబ్బతినే ఉంటుంది.

ఇంకో చిన్న సంగతి, ఎవరూ పట్టించుకోరు. ఆ కార్డు డబ్బా మీద 30 డిగ్రీలలోపు నిల్వ చేయాలని రాసి ఉంటుంది. మే నెలలో రేకుల గదిలో బీరువాలో పెట్టిన కార్డు ఏం సాక్ష్యం చెబుతుంది? కార్డుల పక్కన ఒక థర్మామీటరు వేలాడదీయడానికి టెండరు అక్కర్లేదు.

కార్డును తిడుతున్నానని అనుకోకండి. పాజిటివ్ వస్తే, నొప్పి కథ కూడా కలిస్తే, అది చాలా గట్టి సాక్ష్యం. నెగెటివ్ వచ్చినప్పుడే జాగ్రత్త. నొప్పి మొదలైన ఆరు గంటలలోపు తీసిన నెగెటివ్‌తో మనిషిని ఇంటికి పంపకూడదు. పడుకోబెట్టి, మళ్ళీ ఈసీజీ తీసి, ఆరు గంటలు దాటాక మళ్ళీ రక్తం చూడాలి. హెచ్-ఎఫ్‌ఏబీపీ, మయోగ్లోబిన్ లాంటి ప్రోటీన్లు రెండు గంటలకే కనబడతాయని వాటితో కార్డులు అమ్మేవాళ్ళూ వస్తారు. మయోగ్లోబిన్ ఏ కండరం నలిగినా వస్తుంది. ఎఫ్‌ఏబీపీ కాస్త మెరుగు, కానీ ట్రోపోనిన్‌ను పక్కకు నెట్టేంత కాదు. గుండెపోటును నిమిషాల్లో పట్టే కొత్త ప్రోటీన్ అని వార్తల్లో తరచూ చూస్తుంటాం. వాటిలో ట్రోపోనిన్ స్థానంలోకి వచ్చింది ఇంతవరకూ ఒక్కటీ లేదు.

అయితే అన్నిటికన్నా ముందు రావాల్సింది రక్తం కాదు, ఈసీజీ. ఈసీజీలో ఎస్‌టీ భాగం పైకి లేచి ఉంటే నాళం పూర్తిగా మూసుకుపోయిందని అర్థం. అప్పుడు ట్రోపోనిన్ రిపోర్టు కోసం ఆగడం నేరం లాంటిదే. రెండు గంటలలోపు బెలూన్‌తో నాళం తెరిచే చోటుకు చేరలేని మనిషికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ అక్కడికక్కడే వేయాలి. భోపాల్‌పట్నం నుంచి బీజాపూర్ యాభై కిలోమీటర్ల పైచిలుకు, జగదల్‌పూర్ రెండు వందలు దాటుతుంది, నది దాటి వరంగల్ వెళ్దామన్నా నూట యాభైకి అటూ ఇటూ. ఏ దిక్కున పోయినా రెండు గంటల్లో తేలదు. కాబట్టి మన ఊరికి వర్తించే నియమం ఇంజెక్షనే. 1986లో ఇటలీలో స్ట్రెప్టోకైనేజ్ మీద జరిగిన పెద్ద పరిశోధనలో మొదటి గంటలో మందు పడినవాళ్ళలో మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ఇప్పుడున్న టెనెక్టిప్లేజ్ ఒక్క సూదితో అయిపోతుంది. ఈసీజీలో ఎస్‌టీ లేవకుండా రక్తం మాత్రమే పాజిటివ్ వచ్చినవాళ్ళకు ఆ ఇంజెక్షన్ ఇవ్వకూడదు, వాళ్ళకు వేరే మందులు మొదలుపెట్టి పెద్ద ఆసుపత్రికి పంపాలి. మనలాంటి చోట రక్త పరీక్ష అసలు పని ఇక్కడ ఉంది: ఈసీజీ తేల్చని మనుషుల్లో ఎవర్ని వాహనం ఎక్కించాలో చెప్పడం.

ఇవన్నీ అయ్యే పనులేనా అని అడగవచ్చు. తమిళనాడులో చిన్న ఆసుపత్రులను పెద్ద ఆసుపత్రులతో కలిపి, ఈసీజీని ఫోన్లో పంపి, ఇంజెక్షన్ అక్కడే వేయించి తర్వాత రోగిని తరలించే పద్ధతిని పరీక్షించారు. 2017లో ఫలితాలు వచ్చాయి. ఏడాదిలోపు మరణాలు 17.6 శాతం నుంచి 14.2 శాతానికి తగ్గాయి. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఆ దారి పట్టాయి. ఆయుష్మాన్ భారత్ కింద దేశంలో మొదటి హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్‌ను 2018 ఏప్రిల్ 14న ప్రధాని ప్రారంభించింది మన బీజాపూర్ జిల్లాలోనే, జాంగ్లాలో. ఆశా కార్యకర్తలు దేశానికి తెలియకముందే ఛత్తీస్‌గఢ్‌లో ఊరి ఆరోగ్యం చూసుకునే మితానిన్ అక్కలున్నారు. మొదట మొదలుపెట్టడం ఈ నేలకు కొత్త కాదు.

ఆలస్యం చాలావరకు ఆసుపత్రిలో జరగదు, ఇంట్లో జరుగుతుంది. 2008లో లాన్సెట్‌లో వచ్చిన క్రియేట్ అధ్యయనం మన దేశంలోని 89 ఆసుపత్రుల్లో ఇరవై వేలకు పైగా రోగులను చూసింది. నొప్పి మొదలై ఆసుపత్రి గడప తొక్కేసరికి సగం మందికి ఆరు గంటలు దాటింది. లోపలికి వచ్చాక ఇంజెక్షన్ పడటానికి పట్టింది యాభై నిమిషాలు. ఆరు గంటలు ఎవరి ఖాతాలో వేయాలో మీరే చెప్పండి. డప్పు కొట్టి చెబుతున్నాను: నొప్పి గుండె మీదే రావాలని లేదు. దవడ, భుజం, పొట్ట పైభాగం ఎక్కడైనా రావచ్చు. షుగరున్నవాళ్ళకు, ఆడవాళ్ళకు, ముసలివాళ్ళకు నొప్పే లేకుండా ఆయాసం, చెమట, వాంతి మాత్రమే రావచ్చు. ఇరవై నిమిషాలు తగ్గకపోతే ఈసీజీ తీయించాలి. అలర్జీ, పొట్టలో పుండు, రక్తస్రావం లేకపోతే డాక్టరు చెప్పగానే 300 మిల్లీగ్రాముల యాస్పిరిన్ నమిలి మింగాలి, నమలకుండా మింగకూడదు.

ఇక చివరగా ఒక పని. మాస్టారి పేరు మీద కుటుంబం పోగుచేసిన డబ్బుతో ఏం చేద్దామని నన్నడిగారు. విగ్రహం వద్దన్నాను, వాళ్ళూ వద్దనే అనుకున్నారు. చీటీ పుస్తకాలు అచ్చు వేయించారు, హిందీలో, తెలుగులో. ప్రతి చీటీలో నాలుగు గళ్ళున్నాయి: నొప్పి మొదలైన టైము, మొదటి ఈసీజీ టైము, మొదటి రక్తం టైము, రెండో రక్తం టైము. మితానిన్ అక్కలు మొదటి గడి నింపండి, మిగతా మూడూ దవాఖానాలో నింపించండి. నాలుగో గడి ఖాళీగా ఉంటే రోగిని ఇంటికి తీసుకుపోకండి. "రెండో రక్తం ఎప్పుడు తీస్తారు సార్?" అని అడగండి. అడిగినందుకు ఎవరైనా కసురుకుంటే కసురుకోనివ్వండి. పుస్తకాలు బయట బల్ల మీద ఉన్నాయి, ఊరికి రెండు చొప్పున తీసుకెళ్ళండి.